కాబోయే మామను పనిలేనోణ్ని చేసిన బటన్

నా పెళ్లిని చెడగొట్టబోయింది శత్రువులు కాదు, జాతకాలు కాదు. నేనే స్వయంగా పేరు పెట్టిన ఒక బటన్. కూర్చుని చదవండి, నిలబడి నవ్వితే పడతారు.

గోదావరిఖనిలో మా క్వార్టర్ల వాళ్ల కోసం ఆన్‌లైన్‌లో ఒక ఫోరం నడిపేవాణ్ని. నల్లా నీళ్లు రాలేదని ఒకరు, బండి అమ్ముతానని ఇంకొకరు పోస్టులు పెట్టేవారు. అందులో చెత్త ఏరడానికి కూడా బొగ్గుబాయిలో లాగే షిఫ్టులు వేశాను. పొద్దుటి షిఫ్టు రిటైరైన రాజేశం కాకది.

"ఆర్కైవ్ అంటవు, ఫ్లాగ్ అంటవు. ఏది నొక్కితే ఏమైతదో నాకెట్ల ఎరుక బిడ్డా?" అన్నాడు కాక.

"తెలుగుల రాస్త కాక. చెప్పిందే చెప్పెటోణ్ని చూస్తే నీకేమనిపిస్తది?"

"పనీపాట లేనోడనిపిస్తది."

అప్పట్లో నాకు నా తెలివి మీద అపారమైన గౌరవం. ఒకే పోస్టు మళ్లీ మళ్లీ పెడితే మూసే బటన్ మీద 'పనీపాట లేనోడు, మూసెయ్యి' అని రాశాను. తిరిగి తెరిచే బటన్ మీద 'పోనీలే పాపం, వదిలెయ్యి'. కాక మురిసిపోయాడు. ఒక్క సంగతే నేను చూసుకోలేదు. ఏ బటన్ నొక్కితే దాని మీది మాటలు ఆ పోస్టు కింద అందరికీ కనిపిస్తాయి, ఎవరు నొక్కినా ఫోరం నడిపే నా పేరుతో సహా.

ఇంతలో స్వప్నతో నాకు సంబంధం కుదిరింది. ఆమె తండ్రి లింగయ్య బొగ్గుబాయిలో కార్మికుల మీద అజమాయిషీ చేసే సర్దార్. ఆయన కసిరితే మనుషులే కాదు, బొగ్గు మోసే బెల్టు కూడా ఆగుతుందని చెప్పుకునేవారు. మా పూలుపండ్లకు, అంటే నిశ్చితార్థానికి, కాలనీ మొత్తాన్ని పిలుస్తూ ఫోరంలో పోస్టు పెట్టాడు. నెట్ మెల్లగా ఉండి, పోయిందో లేదోనని మళ్లీ మళ్లీ నొక్కాడు. పిలుపు మూడుసార్లు పడింది. డ్యూటీలో ఉన్న కాక మూడింటినీ శ్రద్ధగా మూసేశాడు.

స్వప్న ఫోన్ చేసింది. "మా బాపును పనీపాట లేనోడన్నవా?"

"నేనా? ఎప్పుడు?"

"కింద నీ పేరే ఉన్నది. కాలనీ అంత చదువుతున్నరు. బాపు డ్యూటీ దిగొచ్చి బువ్వ గూడ తినలె. సంబంధమే వద్దంటుండు."

స్వప్న దక్కదేమోనని నిజంగానే ఏడుపొచ్చింది. ఏడ్చి ఊరుకుంటే బాగుండేది, కానీ తెలివి వాడాను. ఒక పోస్టును గబగబా తెరిచాను. పిలుపు మళ్లీ తెరుచుకుంది. దాని కింద నా పేరు, పక్కనే 'పోనీలే పాపం, వదిలెయ్యి'.

ఈసారి మామే ఫోన్ చేశాడు. "ఏందయ్యా, పాపమని వదిలేస్తున్నవా నన్ను?"

"కాదు మామా, అది బటన్..."

"బటన్ మీద రాసిందెవడు?"

"నేనే మామా."

కాకను వెంటేసుకుని వాళ్ల క్వార్టర్‌కు పరుగెత్తాను. "నొక్కింది నేను లింగన్నా, తప్పు నాదే" అన్నాడు కాక.

"నీకు రాసిచ్చిందే నొక్కినవు. నీదేం తప్పు లేదు" అని మామ నా వైపు తిరిగాడు. "నీ ఫోన్ ఇటియ్యి. ఇంటింటికి పోయి నువ్వే పిలువు. కాలనీ అంత వస్తేనే పిల్లనిస్త."

మా రామగుండం ఎండల గురించి మీకు చెప్పనక్కర్లేదు. చెమట కక్కుతూ తలుపు తలుపూ కొట్టాను. ప్రతి ఇంట్లోనూ చల్లటి నీళ్లిచ్చి, "ఏం బిడ్డా, పనీపాట లేదా?" అని అడిగారు. అడిగినవాళ్లంతా పూలుపండ్లకు వచ్చారు కూడా. బతికిపోయాను.

బటన్ల మీద ఇప్పుడు 'పోస్టును మూసివేయి', 'పోస్టును తెరువు' అని మాత్రమే ఉంటుంది. నెట్ కూడా బాగుపడింది. అయినా మామ ప్రతి పోస్టూ కావాలనే మూడుసార్లు పెడతాడు. మూసే ధైర్యం ఎవరికీ లేదు. కాబట్టి మీ అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను: మనుషుల గురించి నేననుకునేది ఇక ఏ బటన్ మీదా రాయను. అనుకోవడం మాత్రం మానలేను, ఎందుకంటే ఆయన ఇప్పుడే నాలుగోసారి పెట్టాడు.