కిటికీకి అందని కొండ

కొండ చూపిస్తామని బండెక్కించి, తారురోడ్డు చూపించి దింపేస్తే మీరు ఊరుకుంటారా? ఈ బండి ఎక్కినవాళ్లు ఏళ్ల తరబడి ఊరుకున్నారు.

కొండల మీది ఆ జాతీయ ఉద్యానవనంలో చక్రాల కుర్చీల వారి కోసం ఒక వ్యాను ఉంది. దాని డ్రైవరును తోటివాళ్లు 'మెల్లగా' అని పిలుస్తారు. ఎక్కించేటప్పుడూ దింపేటప్పుడూ ఆయన నోట వచ్చే మాట అదొక్కటే. కుర్చీని లిఫ్టు మీద పైకి లేపి, చక్రాలను బెల్టులతో నేలకు బిగిస్తాడు. విప్పి మళ్లీ కట్టడానికి చాలా సమయం పడుతుంది కనుక, దారిలోని ఐదు వ్యూ పాయింట్లలో ఎక్కడా ఎవరినీ దింపడు. బండి ఆపి, "అదిగో శిఖరం!" అంటాడు. లోపలివాళ్లు "అబ్బ!" అంటారు. వాళ్ల మర్యాదను ఆయన ఆనందమనుకున్నాడు.

నడుము దెబ్బతిని కుర్చీకి పరిమితమైన అక్కను ఒక ఆదివారం అదే బండిలో తిప్పాడు. సాయంత్రం ఆమె ఒళ్లో పళ్లెం పెట్టుకుని కూరగాయలు తరుగుతోంది.

"ఎలా ఉందక్కా?"

"రోడ్డు బాగా వేశార్రా. గుంత ఒక్కటీ లేదు."

"రోడ్డు కాదక్కా, కొండ!"

"కొండ ఎక్కడుంది నాయనా? నీ కిటికీ నా గడ్డం దాకా వచ్చి ఆగిపోయింది. మెడ వంచితే తారు, ఎత్తితే రేకు. ఇంకోసారి పిలవకు. మన ఇంటి పైకప్పే నయం, కాస్త ఎత్తుగా ఉంది."

అక్క వేళాకోళమాడుతోందనుకున్నాడు. మర్నాడు, శిఖరం ఎదురుగా కనబడే షెడ్డు ముందు, వ్యానులో ఖాళీ కుర్చీ బిగించి తానే కూర్చున్నాడు. శిఖరం ఉండాల్సిన చోట రేకు కనబడింది.

నేరుగా సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లాడు. "దింపి చూపించాలి సార్. అలాగైతే ఐదూ తిరగలేం, చీకటి పడకముందే గేటు దాటాలి కదా."

"దింపకు మరి. బోర్డు మీద ఐదని రాశాం. తగ్గిస్తే ఫిర్యాదులొస్తాయి, బండి ఇంకొకరికి ఇవ్వాల్సొస్తుంది."

సౌకర్యం కల్పించామని బోర్డు రాయడం తేలిక. ఏం కనబడిందని అడగాలన్న నిబంధన మాత్రం ఆ వనంలో లేదు.

ఇంటికి ఆ ఉద్యోగమే ఆధారం. ఆ వారమంతా ఆయన ఐదు చోట్లా బండి ఆపాడు కానీ, "అదిగో" అనడానికి నోరు రాలేదు. శనివారం ఉదయం బండి తాళాలు తెచ్చి సూపర్‌వైజరు బల్ల మీద పెట్టాడు.

"రెండు చోట్లే ఆపుతాను. ఆపిన చోట అందరినీ దింపుతాను. సరేనంటేనే ఇవి మళ్లీ ముట్టుకుంటాను సార్."