చౌరస్తాలో ఇంగ్లిషు పాఠం

ప్రైవేటు బడి యజమానిని మా వైపు కరస్పాండెంటు అంటారు. పత్రికకు వార్తలు రాసేవాడికీ బడి పెట్టినవాడికీ ఒకే పేరు ఎందుకని ఎవరూ అడగరు. నేను అడిగాను. ఎవరూ చెప్పకపోతే వెతుక్కున్నాను. బడి తరఫున విద్యాశాఖతో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపేవాడు కనుక ఆ పేరు పడిందని ఒకచోట చదివాను. కోరుట్లలో నేను ఆరేళ్లు పనిచేసిన బడి కరస్పాండెంటు ఆ ఆరేళ్లలో ఒక్క ఉత్తరం రాయలేదు. అన్నీ నేను రాశాను, ఆయన సంతకం పెట్టాడు. నాకున్న ఫిర్యాదుల్లో ఇది చాలా చిన్నది కనుక ముందు చెప్పేస్తున్నాను.

పెద్దది నా సర్టిఫికెట్ల సంగతి. ఉద్యోగంలో చేరిన రోజున పదో తరగతి మెమో నుంచి బీఎడ్ దాకా అన్నీ అసలువి తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. మా దగ్గర అది ఆచారం. టీచరు ఏడాది మధ్యలో బడి మారకుండా యాజమాన్యం కాగితాలు దగ్గర పెట్టుకుంటుంది. ఇచ్చినట్టు రశీదు ఎవరూ అడగరు. అడిగితే సారును నమ్మనట్టు. ఆయన నా ఫైలును తన కుర్చీ వెనుక ఉన్న ఇనుప అల్మారలో పెట్టి, తాళంచెవిని చొక్కా జేబులో వేసుకున్నాడు. అల్మార పోర్చుగీసు మాట. వాళ్ల ఓడల్లో వచ్చి, ఉర్దూలో కలిసి, ఇక్కడి దొరల నోట పడి ఇంగ్లిషు నిఘంటువు దాకా వెళ్లింది. ఆ గదిలోకి వెళ్లిన ప్రతిసారీ, అంత దూరం తిరిగిన మాట నా కాగితాలతో సహా ఇక్కడే ఆగిపోయిందని అనుకునేదాన్ని.

మాటల మీద ఈ పట్టు నాకు ఇష్టంతో రాలేదు, కోపంతో వచ్చింది. మాది సిరిసిల్ల. నాన్న సాంచల మీద పనిచేసేవాడు. మరమగ్గాన్ని మేము సాంచ అంటాం. బీము, షటిల్, బాబిన్ అనే మాటలు నాకు అక్షరాలు రాకముందే వచ్చు. అవి ఇంగ్లిషు అని తెలిసింది మాత్రం హైస్కూలులో. జగిత్యాలలో బీఎడ్ చదువుతున్నప్పుడు నేను పాఠం చెప్పి చూపిస్తుంటే, మా ఇంగ్లిషు లెక్చరరు వెనుక బెంచీలో కూర్చుని అన్నాడు: "సిరిసిల్లోళ్ల ఇంగ్లిషు సాంచ లెక్కనేనమ్మా. టకటక సప్పుడే గని బట్ట కనవడది." అరవై మంది నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ బెంచీల వరుసలో చెప్పగలను.

ఆ సాయంత్రమే గ్రంథాలయంలో అట్ట ఊడిన ఒక పాత నిఘంటువు పట్టుకున్నాను. మాట అర్థంతోపాటు అది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పే నిఘంటువు అది. క్లూ అంటే మొదట నూలు ఉండ అట. దారం పట్టుకుని చిక్కుదారిలోంచి బయటపడిన కథ ఒకటి ఉంది, దానివల్ల ఆధారం అనే అర్థం వచ్చింది. చింట్జ్ అంటే మన చీటీగుడ్డ. బందనా అంటే ముడివేసి రంగు అద్దిన రుమాలు, అదీ ఇక్కడిదే. హెకిల్ అనే మాట ఉంది, సభలో ఉపన్యసించేవాణ్ని మధ్యలో ప్రశ్నలతో గుచ్చడం. అది మొదట నారను ఇనుప పళ్ల దువ్వెనతో దువ్వడమట. ఆ పనివాళ్లు మీటింగుల్లో నాయకులను వదిలిపెట్టేవాళ్లు కాదట. ఇంగ్లిషు ఒంటి మీద ఉన్న బట్టలో సగం నేతగాళ్లదే అని నాకు అర్థమైంది. ఆ లెక్చరరుకు చెప్పడానికి రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ ఆయన టీ తాగుతూ, "మంచిది, మంచిది" అన్నాడు.

కోరుట్ల బడిలో రోజుకో మాట పుట్టుక బోర్డు మీద రాసేదాన్ని. నెల తిరగకముందే కరస్పాండెంటు దాన్ని పొద్దుటి ప్రార్థనలో తానే చెప్పడం మొదలుపెట్టాడు. "నేను నిన్న చదువుతుంటె తెలిసింది" అని మొదలుపెట్టేవాడు. ఆయన చదివింది నా నోటుబుక్కు. మూడో ఏట నాకు సర్కారు టీచరు పోస్టుల జాబితాలో పేరు వచ్చింది. కరీంనగర్‌లో సర్టిఫికెట్ల వెరిఫికేషన్ బుధవారం. అసలు కాగితాలు చూపించాలి. చూపించకపోతే ఆ పోస్టు కిందివాళ్లకు పోతుంది.

వారం ముందు కరస్పాండెంటును నా కాగితాలు అడిగాను.

"శుభవార్త మేడం," అన్నాడు. "గని మీరు పోతె టెన్తు పిల్లలకు ఇంగ్లిషు ఎవ్వలు జెప్తరు? మార్చి పరీక్షలు కానియ్యండ్రి."

"సార్, మార్చి దాక వాళ్లు ఆగరు. బుధవారం ఒక్కనాడె. చూపిచ్చి మళ్ల తెచ్చిస్త."

"అట్ల పోయినోళ్లు ఎవ్వలన్న మళ్లచ్చిండ్రా? మీరె చెప్పుండ్రి."

మర్నాడు మళ్లీ అడిగితే తాళంచెవి ఇంట్లో మరిచిపోయానన్నాడు. అది జేబులో కనిపిస్తోంది. ఆ తర్వాత బడే లేదు. తెలంగాణ ఉద్యమం బాగా ముదిరిన రోజులవి. ఒకరోజు బంద్, ఒకరోజు రాస్తారోకో, మధ్యలో ఒకరోజు బడి తెరిస్తే పిల్లలే గంట కొట్టి వెళ్లిపోయేవాళ్లు. ఉద్యమం నాదీ. రాష్ట్రం రావాలని సిరిసిల్లలో నాన్న సాంచలు ఆపి కూర్చున్నాడు, కోరుట్లలో నేను ఊరేగింపుల్లో నడిచాను. కానీ ఆ వారం బస్సులు ఆగిన ప్రతిరోజూ ఒక్క బుధవారం మాత్రం బస్సులు నడవాలని కోరుకునేదాన్ని. ఆ మాట ఎవరికీ చెప్పడానికి లేదు. చెబితే, రాష్ట్రం కోసం ఊరంతా రోడ్డు మీద ఉంటే దీనికి దీని నౌకరీ బాధ అంటారు.

చౌరస్తాలో టెంటు వేసి రోజుకో వృత్తివాళ్లు రిలే దీక్షకు కూర్చునేవారు. ఎవరి వంతు వచ్చిన రోజున వాళ్లు తమ పనిని రోడ్డు మీదే చేసి చూపించేవారు. మంగలివాళ్లు రోడ్డు మీద గడ్డాలు గీశారు, దర్జీలు మిషన్లు తెచ్చి కుట్టారు, చాకలివాళ్లు ఇస్త్రీ చేశారు. సోమవారం ప్రైవేటు టీచర్ల వంతు. రోడ్డుకు అడ్డంగా నల్లబల్ల నిలబెట్టి పాఠం చెప్పాలి. లెక్కలు ఎండలో ఎవరు వింటారని ఇంగ్లిషు నాకు అప్పగించారు. టెంటు కింద బడుల యజమానులు దండలు వేసుకుని కూర్చున్నారు. మా కరస్పాండెంటు మధ్యలో ఉన్నాడు.

ముందు వరుసలో పిల్లలు, వెనుక బీడీలు చుట్టే ఆడవాళ్లు. చాటలు ఒళ్లో పెట్టుకుని అక్కడే ఆకు కత్తిరిస్తూ కూర్చున్నారు. వాళ్లలో మా ఇంటామె ఉంది. ఆమె ఇంట్లోనే నేను ఒక గది కిరాయికి ఉండేదాన్ని. పెద్దమ్మా అని పిలిచేదాన్ని.

బల్ల మీద స్ట్రైక్ అని రాశాను. ఓడ నౌకర్లు జీతం కోసం తెరచాపలు దించేసి ఓడలు కదలనీయలేదని, దించడాన్ని వాళ్లు స్ట్రైక్ అంటారని, సమ్మెకు ఆ పేరు అక్కడిదని చెప్పాను. చప్పట్లు కొట్టారు.

"మనయి వాళ్లు తీస్కున్నయి గూడ ఉన్నయా, లేకుంటె మనమె వాళ్లయి అరువు తెచ్చుకున్నమా?" అని ఒకామె అడిగింది.

"ఉన్నయి. బాండికూట్ అని ఉన్నది. అచ్చం మన తెలుగు మాట, పందికొక్కు."

"అగో! గంత పెద్ద తెలుగుల వాళ్లకు పందికొక్కె దొరికిందా?"

"వాళ్లకు గావాల్సింది వాళ్లు తీస్కున్నరు తియ్యి," అంది మా పెద్దమ్మ. రోడ్డంతా నవ్వింది. టెంటు కింద దండలు కూడా ఊగాయి.

తర్వాతి మాట ముందుగా అనుకున్నది కాదు. నవ్వుతున్న కరస్పాండెంటును చూశాను, చేయి దానంతట అదే రాసింది. మార్ట్‌గేజ్. ఇది ఫ్రెంచివాళ్ల నుంచి వచ్చిందని చెప్పాను. మార్ట్ అంటే చచ్చినది, గేజ్ అంటే తాకట్టు. చచ్చిన తాకట్టు. అప్పు తీరిస్తే ఇచ్చినవాడికి అది చచ్చినట్టు, తీర్చకపోతే పెట్టినవాడికి చచ్చినట్టు.

"అప్పు తేకుంటనె తాకట్టు వెట్టుకుంటె దాన్నేమంటరు మేడం?" అని ఎవరో అడిగారు. నేను అడిగించలేదు. ఇప్పటికీ కొందరు నేనే నేర్పించానంటారు. కాదు.

"దానికి మాట లేదు," అన్నాను. "నా సర్టిఫికెట్లు గట్లనె ఉన్నయి. మూడేండ్ల సంది సారు అల్మారల ఉన్నయి. అడిగితె తాళంచెయ్యి మరిచిన అంటున్నరు. ఎల్లుండి కరీంనగర్ల చూపియ్యాలె. చూపియ్యకుంటె నాకు నౌకరి రాదు."

మైకులో చెప్పాను. మా పెద్దమ్మ చాట పక్కన పెట్టి లేచింది.

"ఓ సారూ! మన రాష్ట్రం మనకియ్యిమని గీడ గూసున్నవ్ గదా. గా పిల్ల కాయితాలు గా పిల్లకు ఇయ్యరాదు?"

"దండ దీసి బడికి వోయి తాళం దియ్యి సారూ!"

"తాళంచెయ్యి మరిచిండట! మేమచ్చి దేవులాడాల్నా?"

ఆడవాళ్లు ఒకరి వెనుక ఒకరు అందుకున్నారు. ఇనుప దువ్వెనతో నార దువ్వడం ఎలా ఉంటుందో ఆ రోజు కళ్లారా చూశాను. కరస్పాండెంటు మైకు తీసుకున్నాడు. నవ్వుతూనే ఉన్నాడు.

"మేడం మా ఇంటి ఆడివిల్ల అసొంటిది. రేప్పొద్దుగాల నేనె స్వయంగ అప్పజెప్త." మళ్లీ చప్పట్లు. ఈసారి ఆయనకు.

మంగళవారం బంద్. పొద్దున ఎనిమిదింటికి బడికి వెళితే గేటుకు తాళం ఉంది. ఫోన్ చేశాను.

"మేడం, నేను జగిత్యాలల ఇరుకవడ్డ. రోడ్డు మీద చెట్లు గొట్టి ఏసిండ్రు. ఏం జేద్దు?"

ఆయన మాట వెనుక మైకు వినిపిస్తోంది. చౌరస్తాలో ఒకాయన ఆ రోజు దీక్షకు కూర్చున్నవాళ్ల పేర్లు చదువుతున్నాడు. అవే పేర్లు ఒక చెవిలో గాలిలోంచి, ఇంకో చెవిలో ఫోన్లోంచి పడ్డాయి. ఫోన్ పెట్టేసి ఆయన ఇంటికి నడిచాను. గడప బయట ఆయన చెప్పులు ఉన్నాయి. భార్య తలుపు సగం తీసి, "ఊర్లె లేడమ్మా" అంది. మెట్టు మీద కూర్చున్నాను. మూడు గంటలు కూర్చున్నాను. లోపల ఎవరో దగ్గు ఆపుకుంటున్నారు. ఆయన బయటికి రాలేడు, నేను ఇంటికి పోలేను. ఆయన భార్య ఒకసారి మంచినీళ్లు తెచ్చింది. తాగాను. అందుకు మాత్రం ఆమె మీద నాకు కోపం లేదు.

బుధవారం పొద్దున పాలబండిలో జగిత్యాల దాకా, అక్కడి నుంచి రోగిని తీసుకుపోతున్న జీపులో కరీంనగర్ దాకా వెళ్లాను. చేతిలో జిరాక్సులు ఉన్నాయి. బల్ల దగ్గర ఉన్న అధికారి వాటిని తిరగేసి పక్కన పెట్టాడు.

"జిరాక్సులతోని నేనేం జేసుకోవాలమ్మా? అసలుయి ఏవి?"

చెప్పాను. మొత్తం చెప్పాను, పందికొక్కు తప్ప. ఆయన విన్నాడు. "నీ తప్పు లేదు. గని నా చేతుల గూడ లేదు. సాయంత్రం అయిదు దాక చూస్త, తెప్పిచ్చుకో," అన్నాడు. కోరుట్లకు ఫోన్ చేస్తూనే ఉన్నాను, కరస్పాండెంటు ఎత్తలేదు. అయిదింటికి ఆ అధికారి నా పేరు మీద అడ్డంగా గీత గీశాడు. స్కేలు పెట్టి గీశాడు.

గురువారం బడి తెరిచారు. నేను వెళ్లేసరికి నా ఫైలు కరస్పాండెంటు బల్ల మీద సిద్ధంగా ఉంది.

"తీస్కోండ్రి మేడం. అందరి ముంగట ఇచ్చిన మాట, నేను తప్పలె."

తీసుకున్నాను. ఒక్కొక్కటీ లెక్క చూసుకున్నాను. అప్పుడు ఆయన కుర్చీలో వెనక్కి వాలి, ఉద్యోగం కొనసాగించాలంటే మాత్రం పద్ధతి పద్ధతేనని, ఫైలు మళ్లీ లోపల ఉండాల్సిందేనని అన్నాడు. చౌరస్తాలో యజమానులందరి ముందు మాట్లాడిన నన్ను కోరుట్లలో ఇంకే బడీ తీసుకోదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. సిరిసిల్లలో సాంచలు ఇంకా నిలిచే ఉన్నాయి, ఇంటికి వచ్చేది నా జీతమే.

"రశీదు రాసియ్యిండ్రి సార్."

"రశీదా? ఇన్నేండ్లల నన్ను ఎవ్వలు అడుగలేదు మేడం."

"నేనడుగుతున్న."

బడి లెటర్‌హెడ్ నేనే తీసి ముందు పెట్టాను. ఆయన అలవాటుగా దాన్ని నా వైపు జరిపాడు. మళ్లీ ఆయన వైపే జరిపాను. కాగితాల పేర్లు, నంబర్లు ఒక్కొక్కటీ చెబుతుంటే రాశాడు. అడిగిన రోజునే ఏ షరతూ లేకుండా తిరిగి ఇస్తాను అనే వాక్యం దగ్గర పెన్ను ఆపాడు. నేను ఫైలు ఒళ్లోంచి తీయలేదు. బయట రెండో పీరియడ్ గంట కొట్టారు. అటెండర్ ఒకసారి తొంగిచూసి వెళ్లాడు. ఆయన రాశాడు, సంతకం పెట్టాడు, స్టాంపు వేశాడు.

సిరా ఆరేదాకా ఆగి రశీదు మడిచి పర్సులో పెట్టుకున్నాను. ఆ తర్వాతే ఫైలు నా చేతులతో నేనే ఇచ్చాను. ఆయన అల్మార తెరిచాడు. లోపల మిగతా టీచర్ల ఫైళ్లు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. నాది అన్నిటికంటే అడుగున పెట్టబోయాడు.

"పైన వెట్టుండ్రి సార్," అన్నాను.

పైన పెట్టాడు. తాళం వేసేదాకా అక్కడే నిలబడి చూశాను.