స్టీరియోకు నేను పెట్టిన పరీక్ష

మీ కారులో పాట సరిగా వినపడకపోతే మీరు మొదట ఎవరిని అనుమానిస్తారు? తయారుచేసిన కంపెనీనా, బిగించిన మెకానిక్‌నా, పాడిన మనిషినా? నేను ముగ్గురినీ అనుమానించాను, అదే వరుసలో.

అప్పట్లో మేము మయూర్ విహార్‌లో ఒక సొసైటీ ఫ్లాట్‌లో అద్దెకు ఉండేవాళ్లం. నేను గ్రేటర్ నోయిడాలో ఇనుప రేకులను ఒత్తి కారు తలుపులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరును. మా దగ్గర పనిచేసి స్వదేశం వెళ్లిపోతున్న ఒక విదేశీ అధికారి తన స్పోర్ట్స్ కారు అమ్ముతానంటే కొన్నాను. ఎర్రది, రెండే తలుపులు. నేలకు ఎంత దగ్గరగా ఉండేదంటే, స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా దాని కడుపు గీసుకునేది. "ఇందులో చీర కట్టుకుని ఎక్కాలంటే ముందు యోగా నేర్చుకోవాలండీ" అంది నా భార్య. సభల్లో రుజువుల గురించి ఉపన్యాసాలు ఇచ్చే నాలాంటి మనిషి ఇలాంటి కారు ఎందుకు కొన్నాడని అడుగుతారేమో. నాకూ అర్థం కాలేదు. నేను చెప్పుకున్న కారణాలన్నీ కారు కొన్న తరువాత పుట్టినవే.

దానితో వచ్చిన స్టీరియో మాత్రం నాకు మొదటి రోజు నుంచీ నచ్చలేదు. డోలు దెబ్బ బ్రహ్మాండంగా వినపడేది. మాటలే, పాడేవాడు నోట్లో అన్నం ముద్ద పెట్టుకుని పాడుతున్నట్టు ఉండేవి. నాకు పాటలకంటే ముఖ్యమైనవి వేరే ఉన్నాయి. కుర్రతనంలో మా ఊళ్లో ఆదివారం ఆదివారం చర్చలు పెట్టుకునేవాళ్లం. ముహూర్తాలు, శకునాలు, కులం, దేవుడు, ఏదైనా సరే. అధ్యక్షుడిది ఒకే నియమం: ఆధారం చూపించు, లేదంటే కూర్చో. ఆ చర్చల క్యాసెట్లను సీడీల్లోకి ఎక్కించుకుని ఆఫీసుకు వెళుతూ వింటుండేవాణ్ణి. నేను మాట్లాడిన భాగాలు స్పష్టంగా ఉండేవి. అవతలివాళ్లు చెప్పినవి ముద్దముద్దగా ఉండేవి. రికార్డరు నా బల్లకు దగ్గరగా పెట్టి ఉంటారు, దానికి తోడు ఈ దరిద్రపు స్పీకర్లు, అనుకునేవాణ్ణి.

ఇక్కడ మా అమ్మాయి సంగతి చెప్పాలి. దానికి అప్పుడు పదిహేడేళ్లు. పుట్టింది, పెరిగింది ఢిల్లీలోనే. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పేది. అదీ గొణిగినట్టు, గోడకు చెప్పినట్టు. సగం నాకు అందేది కాదు. "ఇంట్లో తెలుగు మాట్లాడు" అనేవాణ్ణి. కొన్నాళ్లు పోట్లాడింది. తరువాత జవాబులు కురచ అయ్యాయి. తరువాత తల ఊపడం మిగిలింది. ఒకే బల్ల దగ్గర భోజనం చేస్తూ, నా కూతురు నాతో మాట్లాడటం మానేసింది. నేను దాన్ని భాష సమస్య అనుకున్నాను. మాతృభాష పోగొట్టుకున్న పిల్లల మీద ఒక వ్యాసం కూడా రాశాను. మంచి వ్యాసమని చాలామంది మెచ్చుకున్నారు.

కరోల్ బాగ్‌లో కార్లకు సీటు కవర్లు, హారన్లు, స్టీరియోలు బిగించే దుకాణాలు వరుసగా ఉండేవి. నేను వెళ్లిన దుకాణం యజమాని నాకంటే పదేళ్లయినా పెద్ద. కళ్లజోడు తాడు కట్టి మెడలో వేసుకునేవాడు. అందరూ అంకుల్‌జీ అనేవారు. మొదటిసారి సీడీ పెట్టే డెక్కు, ముందు తలుపుల్లోని స్పీకర్లు మార్చాడు. నాకు తేడా తెలియలేదు. రెండోసారి అద్దాల పక్కన చిన్న ట్వీటర్లు బిగించాడు. సన్నని శబ్దాలన్నీ వాటిలోంచే వస్తాయి, గొంతు విచ్చుకుంటుంది అన్నాడు. ఏమీ విచ్చుకోలేదు. అసలు అవి మోగడమే లేదన్నాను. మూడోసారి కారుతో పాటు అమ్మాయినీ వెంటబెట్టుకుని వెళ్లాను. ఏదో పుస్తకం కొనుక్కోవాలంటూ వచ్చింది.

"సర్‌జీ, ఇక మిగిలింది స్పీకరు తీగే" అన్నాడు ఆయన పంజాబీ యాస హిందీలో. ఆయన మాటలు తెలుగులో రాస్తున్నాను. "బంగారు పూత ఉన్న తీగ వేద్దాం. గొంతు అద్దంలా ఉంటుంది."

నాకు ఒళ్లు మండింది. "పూతకూ గొంతుకూ ఏమిటి సంబంధం? ఎవరు చెప్పారు?"

"అందరూ చెబుతారు, జీ."

"అందరూ చెబితే అది రుజువా? తాయెత్తు గురించి కూడా అందరూ చెబుతారు! నేను కళ్లు మూసుకుంటాను. పాత తీగ, కొత్త తీగ మార్చి మార్చి పెట్టండి. ఏది ఎప్పుడు పెట్టారో మా అమ్మాయి రాస్తుంది. తేడా పట్టుకోగలిగితే కొంటాను."

అంకుల్‌జీ నవ్వి ఒప్పుకున్నాడు. ఆరుసార్లు మార్చాడు. నాకు ఆరుసార్లూ ఒకేలా వినపడింది. గెలిచాను! పక్క దుకాణంవాళ్లకు కూడా వినపడేలా చెప్పాను, మూఢనమ్మకం గుడిలోనే ఉండనక్కర్లేదు, తీగల చుట్టలో కూడా ఉంటుందని. అంకుల్‌జీ ఏమీ అనుకోలేదు.

"ఠీక్ హై, తీగ వద్దు. అడిగేవాళ్లు ఉన్నారు కాబట్టి అమ్ముతున్నాను. కానీ మీ అసలు ఫిర్యాదు అలాగే ఉంది కదా, ట్వీటర్లు మోగడం లేదని. దానికీ పరీక్ష పెడదామా?"

ఒక సీడీ తెచ్చాడు. అందులో పాటలేవీ లేవు, ఒకే ఈల. లావుగా మొదలై సన్నబడుతూ పోతుంది. ఈల వినపడుతున్నంతసేపూ చేయి ఎత్తి ఉంచాలి, ఆగిపోగానే దించాలి. కారు తలుపులు మూసుకుని ముగ్గురం కూర్చున్నాం. నేను డ్రైవరు సీట్లో, ఆయన పక్కన, అమ్మాయి వెనక ఇరుకులో మోకాళ్లు ముడుచుకుని. అందరం కళ్లు మూసుకున్నాం.

ఈల సన్నబడింది, ఇంకా సన్నబడింది, ఆగిపోయింది. చేయి దించి, కళ్లు తెరిచి డెక్కు మీద సెకన్ల అంకె చూశాను. ఆయన చేయి పైనే ఉంది. అద్దంలో చూశాను. అమ్మాయి చేయీ పైనే ఉంది.

"అయిపోయింది కదా" అన్నాను.

అమ్మాయి కళ్లు తెరవకుండానే, "ష్‌, నాన్నా!" అంది.

కాసేపటికి ఆయన దించాడు. ఇంకాసేపటికి అది దించింది. ఎవరు ఏ అంకె దగ్గర దించారో చూసుకున్నాను.

నన్ను ఆట పట్టిస్తున్నారనుకున్నాను. మళ్లీ పెట్టమన్నాను. ఈసారి డెక్కు మీద కదిలే సెకన్ల అంకె చూస్తూ దించాను. ముందు దించిన దగ్గరే ఆగింది నా చేయి. కళ్లు మూసుకున్న వాళ్లిద్దరూ తమ తమ పాత అంకెల దగ్గరే దించారు. నా వైపు ట్వీటరు పాడైందన్నాను. సీట్లు మారాం. అంకె మారలేదు. సీడీ మంచిది కాదన్నాను. ఇంకో సీడీ తెచ్చాడు. చివరికి, "ఈ సందులో ఇన్ని హారన్ల మధ్య పరీక్ష చెల్లదు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుండగానే గుర్తుపట్టాను. కుర్రతనంలో మేము నిలదీసిన బాబాల శిష్యులు సరిగ్గా ఇలాగే అనేవారు. ఇవాళ గాలి బాగాలేదు, ఎదురుగా నమ్మకం లేనివాళ్లు కూర్చున్నారు, అందుకే మహిమ కనపడలేదు.

అంకుల్‌జీ నా భుజం మీద చేయి వేశాడు. "సర్‌జీ, స్పీకరైతే నా దగ్గర కొత్తది ఉంది. దీనికి మాత్రం డాక్టర్ దగ్గరికే వెళ్లాలి."

అమ్మాయి ముందు సీట్లోకి వచ్చింది. నా ముఖంలోకి చూస్తూ, "నాన్నా, సచ్‌ముచ్, నిజంగా నీకు వినిపించదా?" అంది. తరువాత తెలుగును వెతుక్కుంటూ అంది. "నేను హిందీ మాట్లాడితే నువ్వు గుస్సాతో ఆన్సర్ ఇవ్వట్లేదు అనుకున్నా. అందుకే మాట్లాడటం బంద్ చేశా."

నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ పూర్తిగా అర్థమైందని చెప్పను. ఇంటికి వెళ్లే దారిపొడవునా హారన్లు వినపడుతూనే ఉన్నాయి. బస్సు ఇంజను వినపడింది. టైరు కింద గులకరాయి నలిగిన చప్పుడు కూడా విన్నాననుకున్నాను. ఇన్ని వినేవాడు చెవిటివాడు ఎలా అవుతాడు? అమ్మాయి ఏదో చెబుతోంది, అది అందడం లేదు. యమున వంతెన దాటాక ఒక పెట్రోలు బంకు పక్కన కారు ఆపి దాని వైపు తిరిగాను. "ఇప్పుడు చెప్పు. హిందీలోనే చెప్పు" అన్నాను. అది చెప్పింది. కాలేజీలో ఏం చదవాలనుకుంటోందో, నాకు చెప్పాలని ఎన్నిసార్లు ప్రయత్నించిందో, నేను ప్రతిసారీ ఎలా "ఊఁ" అని పేపరు తిప్పేశానో. పెదవులు చూస్తుంటే దాని హిందీ అక్షరం పొల్లుపోకుండా అర్థమైంది. అది ఎన్నడూ గొణగలేదు.

అంత తెలిశాక మర్నాడే డాక్టర్ దగ్గరికి వెళ్లి ఉంటాననుకుంటున్నారా? మూడు నెలలు వెళ్లలేదు. జలుబన్నాను, చెవిలో గులిమి అన్నాను, ఫ్యాక్టరీలో పని ఎక్కువన్నాను. ఒక్కో కారణమూ విడివిడిగా చూస్తే సబబుగానే ఉంది. చివరికి భార్యా కూతురూ తీసుకెళ్లి కూర్చోబెట్టారు. డాక్టరు చెవులు పరీక్షించి కాగితం మీద గీసిన గీత సగం దాకా తిన్నగా వచ్చి, అక్కడి నుంచి కిందికి జారిపోయింది. లావు శబ్దాలు నాకు బాగానే అందుతాయి. స, త, క లాంటి హల్లుల్ని విడదీసే సన్నని శబ్దాలే పోయాయి. పోయినవి తిరిగి రావు. ఆయన అడిగింది ఒక్కటే: "ప్రెస్ మెషీన్ల దగ్గర చెవుల్లో ప్లగ్గులు పెట్టుకునేవారా?"

ఆ మెషీన్లకు నిమ్మకాయలు, మిరపకాయలు కడుతుంటే వద్దని వాదించి ఆపించింది నేనే. పనివాళ్లందరికీ ప్లగ్గులు పంచిందీ నేనే. నావి చొక్కా జేబులో ఉండేవి. నాకు అలవాటైపోయింది, నన్నేమీ చేయదు అనుకునేవాణ్ణి. దానికి ఆధారం ఏమిటని నన్ను అడిగినవాళ్లు లేరు. ఒకవేళ ఎవరైనా అడిగి ఉన్నా, నేను విన్నానో లేదో.

ఇదే నన్ను ఎక్కువ తికమక పెడుతోంది. ఈ చెవుడు ఎప్పుడు మొదలైందో ఎవరూ చెప్పలేరు. ఢిల్లీ వచ్చాక కూడా ఎన్నో సభల్లో వాదించాను, నెగ్గాను. వాటిలో ఎన్ని నా తర్కంతో నెగ్గానో, ఎన్ని అవతలివాడి జవాబు అందక నెగ్గానో నాకు తెలియదు. వాళ్లను వెతికి అడగలేను. అడగగలిగిన మనిషి, మా అమ్మాయి, ఇంట్లో ఉంది కాబట్టి నాకు అందనిది అడుగుతున్నాను, రోజూ, ఎదురుగా కూర్చుని.

మీ సంగతి చూడండి. మీ ఇంట్లో మీతో మాట్లాడటం తగ్గించేసినవాళ్లు ఎవరో మీకు తెలుసు. ఈ వారమే వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి చెవుల పరీక్ష చేయించుకోండి. డాక్టరు ఇచ్చిన కాగితం మీరు చూడకముందే వాళ్ల చేతికి ఇవ్వండి. వాళ్లు చదివి చెప్పేదాకా నోరు మూసుకుని కూర్చోండి.