హెస్టర్ అడిగిన దారి

మా కోల్డ్‌కూమ్‌ని ఊరనడం కూడా ఎక్కువే. తొమ్మిది గడపలు, ఒక వాగు, ఎప్పుడో ఆగిపోయిన పిండిమర. చర్చి లేదు. ఎవరు పోయినా గుట్ట అవతలి చర్చి దాకా శవపేటికను భుజాల మీద మోసుకుపోవాల్సిందే. అలా మోయగా మోయగా పడిన బాటే మా ఊరి చరిత్ర. ఏ రాజూ మావైపు తొంగి చూసిన పాపాన పోలేదు.

హెస్టర్ ప్రూయెట్ ఇల్లు ఆ బాట మొదట్లోనే ఉండేది. ఎవరింట్లో చావు జరిగినా కబురు ముందు ఆమెకే. పోయినవాళ్లకు స్నానం చేయించి, తల దువ్వి, మంచి బట్టలు తొడిగేది. చేసినంతసేపూ వాళ్లతో మాట్లాడేది. "కాస్త చెయ్యెత్తు నాయనా, బతికున్నప్పుడూ ఇంతే మొండి" అని మా తాతను కసురుకుంటుంటే, ఏడుస్తున్న మా అమ్మ నవ్వేసింది.

తర్వాత తారురోడ్డు పడింది, శవాలను తీసుకెళ్లే నల్ల కారు వచ్చింది. బాట మీద నడిచేవాళ్లు లేకపోయేసరికి గిల్బర్ట్ స్టాలర్డ్ తండ్రి దాన్ని దున్ని బార్లీ చల్లేశాడు. ఎనభై దాటి మంచం పట్టాక హెస్టర్ ఒక్కటే కోరింది: తన భర్తను మోసుకెళ్లిన బాటనే తననూ తీసుకెళ్లాలని.

ఆ చేను ఇప్పుడు గిల్బర్ట్‌ది. దున్నేసిన బాటైనా సరే, దాని మీద ఒక్క శవాన్ని మోసుకెళ్తే మళ్లీ అందరి దారి అయిపోతుందని మావైపు గట్టి నమ్మకం. చట్టంలో అలాంటిదేమీ లేదని వకీలు చెప్పినా ఎవరూ వినరు. నేనూ వినను.

ఒక సాయంత్రం నేను హెస్టర్‌కి తోడుగా కూర్చుని ఉండగా గిల్బర్ట్ కస్టర్డ్ గిన్నె పట్టుకుని వచ్చాడు. టోపీ నలుపుకుంటూ మంచం పక్కన నిలబడ్డాడు.

"ఏరా, నీ చేను తొక్కొద్దని చెప్పడానికొచ్చావా?" అంది హెస్టర్.

"ఇవాళ నువ్వెళ్తే, రేపు కుక్కల్ని తిప్పడానికి పట్నం నుంచొచ్చే ప్రతివాడూ వెళ్తాడు పెద్దమ్మా. నా పిల్లలకేం మిగుల్తుంది?"

"నిజమేలే." ఒక చెంచా తిని, "చక్కెర తక్కువైంది. మీ అమ్మ చెయ్యి నీకు రాలేదు" అంది. "పోనీలేరా, కార్లోనే వెళ్తా. ఎప్పుడూ ఎక్కలేదు, ఆ ముచ్చటా తీరుతుంది."

అతను వెళ్లగానే గోడవైపు తిరిగి పడుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"నాలుగు గింజల కోసం ఇంత చేస్తాడా?" అన్నాను.

"వాణ్ణేమీ అనకే. వాళ్లమ్మకి నేను స్నానం చేయిస్తుంటే వాడు తలుపవతల నుంచి కదల్లేదు. నీళ్లు వేడిగా ఉన్నాయా అని ఒకటే అడిగాడు."

జూన్‌లో హెస్టర్ పోయింది. ఆమెకు నేనే స్నానం చేయించాను. ఆమెలాగా కబుర్లు చెప్పడం నావల్ల కాలేదు. ఏడుస్తూనే తల దువ్వాను.

ఆ ఉదయం పేటికను నల్ల కారు దగ్గరికి తెస్తుంటే గిల్బర్ట్ అడ్డొచ్చాడు. చొక్కా చెమటకు తడిసి ఉంది, చేతులకు పచ్చి పసరు. అతని వెనక కంచె తలుపు బార్లా తీసి ఉంది. ఇంకా గింజ గట్టిపడని బార్లీని, మోసేవాళ్లకు ఇరుకు కాకుండా, గుట్టపైదాకా వెడల్పుగా కోసేశాడు.

"కారు పంపెయ్యండి" అన్నాడు.

"ఇక నీ చేను అందరి దారే, గిల్బర్ట్" అన్నాడు మోసేవాళ్లలో ఒకడు.

"తెలుసు" అంటూ గిల్బర్ట్ వంగి, పేటిక ముందు మూల కింద భుజం పెట్టాడు.