గుడ్డ కప్పని మిలటరీ లారీ

మా పక్కింటి అంకుల్ పోయారు. పోయిన నెల ఒక శనివారం పొద్దున మా ఇంటి ముందు మంచు తోస్తుంటే ఆంటీ ఫోన్ చేసి, "బాబూ, అంకుల్ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు" అన్నారు. నిద్రలోనే వెళ్లారట. పార పట్టుకుని అలాగే వాళ్ల గరాజ్ తలుపు వైపు చూస్తూ నిలబడ్డాను. బాధ కలిగింది. దాని వెనకాలే, ఇక ఆయన చేసిన బొమ్మ లారీని నేను ఎప్పటికీ దాటలేనన్న కుళ్లు కూడా కలిగింది. రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ అసూయ లేకుండా ఆయన గురించి రాస్తే అది అబద్ధమవుతుంది.

ఆయన ఇక్కడే, మా ట్రాయ్ ఊళ్లోనే, ఓ కార్ల కంపెనీకి గేర్‌బాక్సులు డిజైన్ చేసి రిటైరయ్యారు. ఆ తరవాత గరాజ్‌లో త్రీడీ ప్రింటర్ పెట్టుకుని, రిమోట్‌తో నడిచే మిలటరీ లారీ మొదలుపెట్టారు. మూరెడు పొడవు, ఆరు చక్రాలు. మోటారు, బ్యాటరీ, టైర్లు కొన్నవి. మిగతాదంతా ఆయన గీసుకుని, ప్రింట్ చేసుకున్నదే. అది కదలడం చూసిన వారానికి నేనూ ప్రింటర్ కొని, సరిగ్గా అంతే సైజులో ఓ ట్రక్కు మొదలుపెట్టాను. కంపెనీల డేటాబేస్‌లు చూసుకునేవాణ్ణి, నాకు గేర్ల గురించి ఏం తెలుసు? "ఆ పెద్దాయనతోని నీకేంది పోటీ?" అంది మా ఆవిడ. పోటీ కాదని ఆమెతో రెండేళ్లు వాదించాను.

ఆయన ప్రతి పార్టూ రెండుసార్లు ప్రింట్ చేసేవారు. "ఒకటి వాడటానికి, ఒకటి విరగ్గొట్టటానికి" అనేవారు. రెండోదాన్ని బల్లకున్న ఇనప పట్టు, వైస్‌లో బిగించి, టక్కుమనేదాకా వంచి, ఎక్కడ విరిగిందో కళ్లజోడు పైకెత్తి చూసేవారు. ఆ ముక్కలన్నీ ఖాళీ ఆవకాయ సీసాల్లో దాచేవారు. నేను ఒక్కటే ప్రింట్ చేసి, విరగకూడదని దండం పెట్టుకునే రకం. "మిల్లీమీటరు దగ్గర మొహమాటం పనికిరాదు అబ్బాయ్" అని నా పార్టు మీద మందం కొలిచే కాలిపర్ పెట్టి నవ్వేవారు. ఆ నవ్వు నాకు గుచ్చుకునేది.

మిలటరీ లారీయే ఎందుకని ఒకసారి అడిగాను. ఆయన చిన్నప్పుడు వాళ్ల ఊరిని తుపాను ముంచేసిందట. "మూడు రోజులు తిండి లేదు. ముందొచ్చింది మిలటరీ లారీ. ఎనకాల గుడ్డ పైకెత్తి, లోపల్నించి ఓ చెయ్యి బయటికొచ్చి రొట్టె ఇచ్చింది. ఆ మనిషి మొహం నాకు గుర్తులేదు. గుడ్డ ఎత్తటమే గుర్తు" అన్నారు.

అయినా ఆయన లారీకి గుడ్డ టాప్ లేదు. వెనక భాగం మీద గుడ్డ కోసం బిగించిన కమానులు మాత్రం బోసిగా ఉండేవి. "టాప్ వెయ్యరా అంకుల్?" అంటే, "లోపల పనితనం కనపడద్దూ?" అనేవారు. ఎంత గర్వం అనుకున్నాను. నా ట్రక్కుకు మాత్రం టాప్ ఉంది. మా అమ్మ వరంగల్‌లో బట్టలు కుట్టేది. ఆమె మిషన్ పక్కన కూర్చుని నేర్చుకున్న పనితో ఓ పాత ఖాకీ ప్యాంటు కత్తిరించి కుట్టాను. గుడ్డదేముంది, ఎవరైనా కుడతారని నేనే దాన్ని లెక్కలో వేసుకోలేదు. వేసవిలో ఆదివారం చర్చి అయ్యాక ఆయన పార్కుకు వచ్చేవారు. అక్కడ రిమోట్ బండ్లు నడిపేవాళ్లంతా నా టాప్ చూసి "క్యూట్" అని, ఆయన లారీ చుట్టూ మోకాళ్ల మీద కూర్చునేవారు. ఆయన ఒక్కరే నా గుడ్డ అంచును రెండు వేళ్ల మధ్య నలిపి, "ఊఁ" అనేవారు. అంతకంటే ఒక్క మాట లేదు. ఆ ఒక్క మాట కోసమే నేను ప్రతి ఆదివారం వెళ్లేవాణ్ణి.

ఇక చెప్పాల్సింది చెబుతాను. ఒకసారి అంకుల్, ఆంటీ విమానమెక్కి ఇర్వింగ్‌లో కూతురింటికి వెళ్తూ మొక్కలకు నీళ్లు పొయ్యమని తాళం ఇచ్చారు. మొక్కలకు పోశాను. తరవాత గరాజ్‌లోకి వెళ్లి, ఆయన గేర్‌బాక్స్ పెట్టెను కాలిపర్‌తో మూలమూలా కొలిచి రాసుకున్నాను. అలాంటిదే ప్రింట్ చేసి నా ట్రక్కులో పెట్టాను. పార్కులో మొదటి ఎత్తు ఎక్కుతుండగానే అది రెండు చెక్కలైంది.

అంకుల్ వంగి ముక్క తీశారు. ఆ డిజైను ఎవరిదో ఆయనకు తెలియకుండా ఉంటుందా? నా చెవులు కాలిపోయాయి. "పడుకోబెట్టి ప్రింట్ చేశావు అబ్బాయ్. దీన్ని నిలబెట్టి చెయ్యాలి. లేకపోతే ప్రింటర్ పేర్చిన పొర దగ్గర ఊడిపోద్ది" అన్నారు. ఎక్కడిదని అడగలేదు. "బండి రెండ్రోజులు నా దగ్గర వదిలెయ్, చూస్తా" అన్నారు. బాగుచేసి ఇచ్చారు. క్షమించమని అడగాల్సింది పోయి, పెద్దరికం చూపించాడని ఇంకో నెల కుళ్లుకున్నాను.

చర్చిలో ఆయన జ్ఞాపకార్థ కూడికకు ఫోటో పక్కన లారీని పెట్టారు. అందరూ ముందు ఫోటో చూసి, తరవాత లారీ చూసి కళ్లు తుడుచుకున్నారు. అక్కడ కూడా నాకు ఈర్ష్యే.

వారం తరవాత ఆంటీ పిలిచి ఓ ప్లాస్టిక్ డబ్బా ముందు పెట్టారు. "వీటినేం చెయ్యమంటావు బాబూ? పారెయ్యబుద్ధి కావట్లేదు."

లోపల ఖాకీ గుడ్డ టాపులు. ఏడు. అన్నీ వంకరటింకర కుట్లు, అన్నీ పొట్టి.

"నా మిషన్ మీదే కుట్టారు. నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు. నీ బండి చూసొచ్చిన ఆదివారం ఆయనకి అన్నం సయించేది కాదు. ఆ అబ్బాయి చేతిలో ఏముందే, నాకెందుకు రాదూ అని ఒకటే సణుగుడు. పోయి అడగండి అంటే, నేను అడగాలా అని కసిరేవారు" అన్నారు ఆంటీ.

గుడ్డల మీద పెన్సిల్‌తో కొలతలున్నాయి, మిల్లీమీటరులో పదో వంతు దాకా. అవి నా టాప్ కొలతలు. నా ట్రక్కు ఆయన దగ్గరున్న ఆ రెండు రోజుల్లో కొలుచుకున్నారు. కొలిచిన గీత మీదే కత్తిరించారు. కుట్టుకు మడత పోతుందని, దానికి అరంగుళం ఎక్కువ వదలాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. పొట్టయిన ప్రతిసారీ తరవాతిదాన్ని అర మిల్లీమీటరు పెంచుకుంటూ పోయారు, ప్లాస్టిక్ పార్టును సరిచేసినట్టు. ఒక్క మాట అడిగితే ఐదు నిమిషాల పని. నన్ను అడగడానికి ఆయనకు నోరు రాలేదు. ఆయన్ని అడగడానికి నాకూ రాలేదు. ఆంటీ ముందే ఏడ్చేశాను.

ఆంటీని అడిగి లారీని ఇంటికి తెచ్చుకుని, అరంగుళం వదిలి ఎనిమిదోది కుట్టాను. కమానుల మీద చక్కగా కూర్చుంది. నా ట్రక్కు పక్కన పెట్టి చూశాను. మళ్లీ ఆయనదే బాగుంది.

నిన్న తీసుకెళ్లి వాళ్ల వంటింటి బల్ల మీద పెట్టాను. ఆంటీ కళ్లజోడు పెట్టుకుని, వంగి, ఒక్క వేలితో వెనకాల గుడ్డ పైకెత్తి లోపలికి చూశారు.