సున్నపు తేట

మామ పోయాక అత్తమ్మ మాట్లాడటం మానేసింది. ఏదడిగినా తల ఊపేది. కంచంలో అన్నం పెడితే రెండు ముద్దలు కెలికి పక్కకు జరిపేది. ఆమెను మళ్ళీ మనుషుల్లో కలిపింది కొడుకూ కాదు, నేనూ కాదు, ముందు గదిలోని చేపల తొట్టి. చెప్పుకోవడానికి సిగ్గే గానీ నిజం అదే.

విమానాశ్రయం కొత్తగా వచ్చిన రోజులు. మా ఆయన దోస్తొకడు బడంగ్‌పేట్‌కు ఇల్లు మారుతూ ఆ తొట్టిని మాకు అంటగట్టాడు. మా ఆయన ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగే రకం. శంషాబాద్‌లో సముద్రమెక్కడిది? పొట్లాల ఉప్పు తెచ్చి బకెట్‌లో కలిపి తనే సముద్రం తయారు చేసేవాడు. అందులో పగడపు కొమ్మలు, పువ్వులా విచ్చుకుని ఊగే ఒక జీవి, దాని ఒడిలో కాపురముండే నారింజ రంగు చేపల జంట. అత్తమ్మ ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది. వాటికి మేత వేశాకే తను తినేది.

"పెద్దది పెండ్లాం, చిన్నది మొగడు. సూస్తె తెలుస్తలేదా?" అని ఒకరోజు నాతో అంది. ఎన్నో నెలల తర్వాత ఆమె నోట విన్న నిండు మాట అది. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఆ తొట్టికి ఏమన్నా అయితే ఆ మాట కూడా పోతుందని మా ఇద్దరికీ తెలుసు, పైకి మాత్రం అనుకోలేదు.

పగడం తన ఎముక కట్టుకోవడానికి నీళ్ళలోంచి రెండు లాక్కుంటుందట. ఒకటి కాల్షియం, రెండోది ఆల్కలినిటీ అనే క్షారగుణం. రెండూ కాడికి కట్టిన జోడెడ్లు. ఒకదాన్ని అదిలిస్తే రెండోది కూలబడుతుంది. మా ఆయన కార్గోలో డ్యూటీ దిగివచ్చి బూట్లైనా విప్పకుండా గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి రంగు చూసేవాడు. నా మోకాళ్ళకు కాల్షియం బిళ్ళలు తెమ్మంటే వారం వారం మరిచిపోయే మనిషి, ఆ రాళ్ళకు మాత్రం పూటపూటా పరీక్ష! ఆ ఎండాకాలం ఎంత చేసినా లెక్క కుదరలేదు. ఇది పెంచితే అది పడేది, అది లేపితే ఇది పడేది. కొమ్మలు మొదళ్ళ దగ్గర తెల్లబడుతూ వచ్చాయి.

రెండింటినీ కలిపి ఇచ్చేది సున్నపు తేట అని ఎవరో చెప్పారు. తాంబూలంలో వేసుకునే సున్నమే. క్యాన్‌లో నీళ్ళు పోసి కలిపి, అడుగుకు దిగనిచ్చి, పైన తేరిన నీటిని తొట్టిలో చుక్కచుక్కగా వదలాలి. ఒక్కసారిగా పడితే నీళ్ళు ఘాటెక్కి చేపలు చస్తాయి. చుక్కలుగా వదలడానికి మా ఆయన అల్మారాలోంచి సెలైన్ గొట్టం తీశాడు. మామకు ఆఖరి రోజుల్లో ఇంట్లోనే సెలైన్ ఎక్కించారు. అప్పుడు మిగిలిన గొట్టం అది. సీసా తగిలించిన మేకు కూడా గోడకు అలాగే ఉంది. తేట నింపిన సీసాను దానికే వేలాడదీశాడు. తొట్టి ఉన్నది మామ మంచం ఉన్నచోటే.

"ఇంకో జాగ దొరకలేదా?" అన్నాను.

"మేకుకు గూడ దయ్యం పడుతదా?" అని నవ్వాడు.

అత్తమ్మ నవ్వలేదు. మామ పక్కన కూర్చున్నప్పటిలాగే చుక్కలు పడటం చూస్తూ కూర్చునేది. విమానం దిగినప్పుడల్లా కిటికీ అద్దాలు వణికి, సీసా మేకు మీద ఊగేది. ఆమె గబుక్కున లేచి దాన్ని పట్టుకునేది. ఆ గదిలోకి పోవాలంటే నాకు భయం పట్టుకుంది. నీళ్ళు మాత్రం కుదురుకున్నాయి.

ఒక పొద్దున ఆ పువ్వులాంటి జీవి ముడుచుకుపోయింది. చేపలు రెండూ దాని పక్కన కదలకుండా నిలబడ్డాయి. "నీరసంగున్నది, అంతే. మెల్లగ ఎక్కితె లేస్తది. ఎవ్వరు ముట్టకుండ్రి," అని మా ఆయన డ్యూటీకి వెళ్ళాడు.

మా దిక్కు సెలైన్ అంటే మందు కాదు, బలం. కాస్త జ్వరమొచ్చినా "ఒక్క సీసా ఎక్కియ్యి సారూ" అని మేమే అడుగుతాం. సీసా ఎంత తొందరగా ఖాళీ అయితే మనిషి అంత తొందరగా లేస్తాడని, డాక్టరు అటు తిరగగానే చుక్కల వేగం పెంచడానికి గొట్టం మీది చక్రాన్ని తిప్పేవాళ్ళు ఇంటికొకరుంటారు. మంచి జరగాలనే తిప్పుతారు.

సాయంత్రం నేను మిద్దె మీది ఆరిన బట్టలు తీసుకుని దిగేసరికి తొట్టి నిండా పాలు పోసినట్టుంది. తెల్లని పొడి మెల్లగా దిగి కొమ్మల మీద పేరుకుంటోంది. సీసా ఖాళీ. సున్నం క్యాన్ అడుగు మడ్డితో సహా ఖాళీ. అత్తమ్మ వేలు ఇంకా చక్రం మీదే ఉంది.

"బలమొస్తదని తిప్పిన బిడ్డా. ఒక్కటి సాలలే. మల్ల మల్ల నింపిన."

చేతులు రెండూ ముంచి వెతికాను. చిన్న చేప దొరికింది, కదల్లేదు. పెద్దది పైకి తేలి కాసేపు నోరు తెరిచి మూసి ఆగిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ముట్టొద్దని చెప్పిండు గద అత్తమ్మా!" అని అరిచాను.

ఆమె నా వంక చూడలేదు. మేకు వంక చూసింది.

"మీ మామకు గూడ గిట్లనే తిప్పిన," అంది. "ఆఖరు సీసా. మెల్లగ పోవాలె అన్నడు డాక్టరు. నా పానం ఆగలే. జల్ది లేస్తడనుకున్న. జరసేపట్లనే దమ్ము ఎగబట్టె."

చేతిలోని చేప జారి నీళ్ళలో పడింది. మామ ఇక దక్కడని డాక్టరు ముందే చెప్పాడు. ఆ సీసా వల్ల పోయాడో, గడియ వచ్చి పోయాడో ఎవరు చెప్పగలరు? అదే ఆమెతో అన్నాను. విన్నట్టు లేదు.

గేటు చప్పుడైంది. మా ఆయన వచ్చి తొట్టి ముందు నిలబడిపోయాడు. తొట్టి చూశాడు, సీసా చూశాడు, చక్రం చూశాడు.

"ఎవరు తిప్పిన్రు?"

అత్తమ్మ నోరు తెరిచింది. ఆమె చెప్పబోయేది ఒక్క తొట్టి సంగతే కాదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. కొడుకు అది విని బతకగలడా అనిపించింది.

"నేనే," అన్నాను.

అత్తమ్మ తెరిచిన నోరు మూసుకుంది. ఆ తర్వాత ఉన్నన్నాళ్ళూ మాలో ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు.