కిరోసిన్ అడుగున నిప్పు

మా ఉస్తాద్ మొన్న శుక్రవారం పోయాడు. లాలాగూడ నుంచి ఆయన అల్లుడు ఫోన్ చేసి, "చాచా, మామ పోయిండు" అని ఏడ్చాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అంతకు ముందు వారమే చూడబోతే, మంచం దిగలేని ఆ మనిషి నా చేతిలో అరటిపళ్లు చూసి, "పండ్లు తెచ్చినవా? నేనేమన్న కోతినా?" అని ఎగిరిపడ్డాడు. అంత నోరున్న మనిషి పోతాడని ఎవరనుకుంటారు? ఫోన్ పెట్టేసి, గోడకేసి చూస్తూ ఆయన్ను నాలుగు తిట్లు తిట్టాను. తర్వాత ఏడ్చాను.

ఆయన శాంతమూర్తి అని రాస్తే లాలాగూడ అంతా నవ్వుతుంది. ముక్కు మీద కోపం ఆయనది. పని చెడగొడితే చేతిలో ఏముంటే అది విసిరేవాడు, రెంచి కానీ, ఆకురాయి కానీ, చాయ్ గ్లాసు కానీ. నా ఎడమ కనుబొమ్మ మీద మచ్చ ఆయన పెట్టిందే. విసిరిన కాసేపటికి తన చాయ్ సగం సాసర్‌లో పోసి మన ముందుకు జరిపేవాడు. నోటితో ఒక్క మాట అనడు. అదే ఆయన క్షమాపణ, తాగితే తగువు తీరినట్టు. నేను ఆ సాసర్లో చాయ్ ఎన్నిసార్లు తాగానో నాకే గుర్తు లేదు.

పోలీస్ యాక్షన్ అయిపోయాక నేను ఊరు విడిచి బోయిన్‌పల్లిలో మా మేనత్త ఇంటికి చేరాను. ఊళ్లో ఉండబుద్ధి కాలేదు. అంతకు ముందు ఎండాకాలంలో రజాకార్లు మా అన్నను ఇంట్లోంచి ఈడ్చుకెళ్లి, ఎడ్లబండి చక్రానికి కట్టి, ఊరంతా చూస్తుండగా కాల్చి చంపారు. సాయంత్రం దాకా మా అమ్మను దగ్గరికి పోనివ్వలేదు. ఆ తర్వాత గడ్డం, టోపీ కనబడితే చాలు పళ్లు పటపట కొరికేవాణ్ణి. రైస్ మిల్లులో కాస్త లేత్ పని నేర్చుకున్నాను కాబట్టి, లాలాగూడలో ఒక కార్ఖానాలో మనిషి కావాలంటే వెళ్లాను. గుమ్మంలోకి వచ్చింది గడ్డం, టోపీ ఉన్న మనిషే. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

"ఏందీ, గట్ల జూస్తున్నవ్? మీ ఇంట్ల ఎవరు పోయిండ్రు?" అన్నాడు. నా మొహంలో ఏం కనిపించిందో మరి.

"మా అన్న. రజాకార్లు చంపిండ్రు."

"నా తమ్ముణ్ణి మీవాళ్లు చంపిండ్రు, మిలిటరీ వచ్చిన మూడోనాడు. లెక్క సమానమైందా?"

"కాలే" అన్నాను.

"నాకు సుత కాలే. పో, చేతులు కడుక్కొని లేత్ మీద నిలబడు."

ఆయన తమ్ముడి సంగతి తర్వాత తర్వాత ఆయనే చెప్పాడు. మిలిటరీ వచ్చిందని తెలియగానే అన్నదమ్ములిద్దరూ ఊరు వదిలి సికింద్రాబాద్ దారి పట్టారు. వీళ్లు ఏ రజాకార్లలోనూ చేరినవాళ్లు కాదు, కమ్మరి పని చేసుకునేవాళ్లు. అయినా ఒక గుంపు వెంటబడింది. ఇద్దరూ జొన్నచేలో చెరో వైపు ఉరికారు. తమ్ముడు దొరికాడు. గొడ్డలితో నరికారు. చెప్పినప్పుడల్లా ఉస్తాద్ అక్కడితో ఆపేసి లేచి వెళ్లిపోయేవాడు.

ఇక ఆయన మెషిన్ గురించి చెప్పాలి. ఉక్కును తొలిచే ఆ మెషిన్‌ను ఇవాళ ఈడీఎం అంటున్నారు, చల్లటి గదుల్లో కంప్యూటర్లతో నడుపుతున్నారు. హైదరాబాద్ స్టేట్ ఇంకా ఉన్న ఆ రోజుల్లో, సికింద్రాబాద్‌లో అట్లాంటిది ఇంకొకటి ఉందని నేను వినలేదు. ఏదో పరదేశీ పత్రికలో బొమ్మ చూసి, కంటోన్మెంట్‌లో వేలం వేసిన మిలిటరీ సామాను తెచ్చి ఉస్తాద్ దాన్ని కట్టాడు. ఒక డైనమో, రేడియో సెట్ల కండెన్సర్లు, ఒక రేకు తొట్టి. చూస్తే పాత ఇనుప సామాన్ల కొట్టులా ఉండేది.

ఉక్కును ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే బిగుసుకుపోతుంది. అట్లాంటి ఉక్కు మీద ఆకురాయి జారిపోతుంది, డ్రిల్లు విరిగిపోతుంది. దాన్ని ఉస్తాద్ రాగితో తొలిచేవాడు. మెత్తటి రాగితో! నేను మొదటిరోజు నమ్మలేదు. రాగి కడ్డీని ఉక్కు మీదికి వెంట్రుకంత సందు మిగిల్చి దించుతాడు. రెండూ కిరోసిన్‌లో మునిగి ఉంటాయి. కండెన్సర్లలో నిండిన కరెంటు ఆ సందును దూకిన ప్రతిసారీ ఒక నిప్పురవ్వ పుడుతుంది. రవ్వ పడినచోట ఉక్కు కరిగి, ఇసుక రేణువుకన్నా చిన్న గుంట పడుతుంది. కరిగిన పొడిని కిరోసిన్ చల్లార్చి పక్కకు తీసుకుపోతుంది. మళ్లీ రవ్వ, మళ్లీ గుంట. అట్లా పడగా పడగా రాగి ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారమే ఉక్కులోకి దిగుతుంది. ఉక్కు ఎంత గట్టిదన్నది లెక్కే కాదు, అందులో కరెంటు పారితే చాలు. రాగి కూడా కొంచెం కొంచెం కరిగిపోయేది. "కొట్టినోనికి సుత తగుల్తదిరా" అని దాన్ని చూసి నవ్వేవాడు.

రాగి ఉక్కుకు తగిలితే రవ్వ ఆగిపోతుంది, దూరం జరిగినా ఆగిపోతుంది. అందుకని ఉస్తాద్ కడ్డీని దించే చక్రం మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని, చప్పుడు వింటూ నడిపేవాడు. తాలింపులో ఆవాలు వేగుతున్నట్టు చిటపటలాడుతుండాలి. అప్పుడు ఎవడైనా మాట్లాడాడా, వాడి పని అయిపోయినట్టే.

ఒక్క విషయంలో మాత్రం ఆయన ఎవరినీ నమ్మడు. రవ్వ పుట్టే చోటికి నాలుగు వేళ్ల ఎత్తున కిరోసిన్ నిలిచి ఉండాలి. తగ్గిందంటే రవ్వ గాలికి తేలి మొత్తం భగ్గుమంటుంది. "ముందు నూనె, తర్వాత కరెంట్" అని రోజూ అరిచేవాడు. పక్కనే ఇసుక బకెట్టు, తడిపిన గోనెసంచులు లేకుండా స్విచ్ వెయ్యనిచ్చేవాడు కాదు. కిరోసిన్ కంట్రోల్ షాపులో కొలిచి ఇచ్చే కాలమది. గల్లీలో ఆడవాళ్లు తమ ఇళ్లల్లో మిగిలింది సీసాల్లో తెచ్చి మా తొట్టిలో పోసేవాళ్లు. బదులుగా ఉస్తాద్ వాళ్ల కత్తిపీటలు నూరి, స్టవ్‌లు బాగుచేసి ఇచ్చేవాడు. అందులో హిందువులు, తురకలు అని ఎవరూ చూడలేదు.

ఒక మధ్యాహ్నం నడివయసు మనిషి ఒకడు గోనెలో చుట్టిన ఇనుప భాగం తెచ్చాడు. ఊళ్లో నూనె మిల్లుదట. బోల్టు దిగే రంధ్రంలో మర కోస్తుంటే, కోసే పనిముట్టు లోపలే విరిగి ఇరుక్కుపోయింది. అది డ్రిల్లుకు లొంగని ఉక్కు. "సాయబూ, జెర తొందరగ జేసియ్యి. మిల్లు ఆగిపోయింది" అన్నాడు.

ఆ గొంతు వినగానే ఉస్తాద్ చేతిలో పని ఆపాడు. వాణ్ణి ఊరేదని అడిగాడు. వాడు చెప్పాడు. ఉస్తాద్ అరవలేదు, దేన్నీ విసరలేదు. నా దగ్గరికి వచ్చి, మెల్లగా, "వీడే. నా తమ్ముణ్ణి నరికినోడు" అన్నాడు.

"తిప్పి పంపించెయ్యి ఉస్తాద్, మనకెందుకు" అన్నాను.

"పని ఒప్పుకున్న" అన్నాడు.

ఇనుప భాగాన్ని తొట్టిలో బిగించాడు. కిరోసిన్ పోశాడు. స్విచ్ వేశాడు. చిటపట షురూ అయింది. ఎన్నడూ గిరాకీని తొట్టి దగ్గరికి రానివ్వని మనిషి, వాణ్ణి పిలిచి, "జూస్తవా? దగ్గరికి రా. మంచిగ ఒంగి జూడు" అన్నాడు. వాడు చిన్నపిల్లాడిలా సంబరపడి, తొట్టి మీదికి వంగాడు. భుజం మీది కండువా కొస కిరోసిన్‌లో నానుతోంది. ఉస్తాద్ కుడిచెయ్యి చక్రం మీదే ఉంది. ఎడమచెయ్యి తొట్టి కిందికి పోయింది.

మడ్డి తీసేందుకు తొట్టి అడుగున తూము ఉండేది, దానికి కర్ర బిరడా. కింద బకెట్లో కిరోసిన్ పడుతున్న చప్పుడు నాకు వినిపించింది. తొట్టిలో నూనె దిగిపోతోంది. నాలుగు వేళ్లు మూడు, మూడు రెండు.

"ఉస్తాద్!" అని కేకేసి స్విచ్ దగ్గరికి ఉరికాను. స్విచ్ లాగాను కానీ అప్పటికే నీలం రవ్వ పైకి తేలింది. తొట్టి భగ్గుమని లేచింది. మంట కండువా పట్టుకుని వాడి మెడకు, చొక్కాకు పాకింది. ఆ మనిషి అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. వెంట్రుకలు కాలిన కంపు కార్ఖానా అంతా నిండింది. వాడు గుడ్డివాడిలా లేత్‌కు గుద్దుకుని, నేల మీద పడి దొర్లుతున్నాడు.

ఉస్తాద్ నిలబడి చూస్తున్నాడు. ఎంతసేపో చెప్పలేను, నాకైతే యుగంలా అనిపించింది. వాడు మళ్లీ అరిచాడు, ఈసారి "అన్నా!" అని. అంతే, ఉస్తాద్ వాడి మీద పడ్డాడు. తడి గోనెసంచి కూడా అందుకోలేదు. ఉత్త చేతులతో కాలుతున్న చొక్కాను పరపర చింపాడు, కండువాను పిడికిళ్లతో నలిపాడు, తన ఛాతీ కిందేసి మంటను నొక్కాడు. నేను తొట్టి మీద ఇసుక కుమ్మరించి, గోనెసంచులు తెచ్చి ఇద్దరి మీదా కప్పాను. కాసేపటికి పొగ తప్ప ఏమీ మిగల్లేదు.

చప్పుడు విని ఉస్తాద్ భార్య, నేను వదినా అనే ఆవిడ, వెనక ఇంట్లోంచి నీళ్ల చెంబుతో ఉరికొచ్చింది. ఆయన చేతులు చూసి గుండెలు బాదుకుంది. అరచేతుల తోలు ఊడి వేలాడుతోంది. ఆ మనిషికి మెడ, చెంప, రెండు చేతులూ కాలాయి. ప్రాణానికి మాత్రం భయం లేదు. ఏడుస్తూ, "నీ కడుపు సల్లగుండ సాయబూ, నీ పెయ్యి గాల్చుకొని నన్ను బతికిచ్చినవ్. నువ్వు దేవునివి" అన్నాడు.

ఉస్తాద్ నేల మీదే కూర్చుని ఉన్నాడు. "దేవుడు గాదు. బిరడా నేనే తీసిన" అన్నాడు.

వాడికి అర్థం కాలేదు. ఉస్తాద్ తమ్ముడి పేరు చెప్పాడు, జొన్నచేను చెప్పాడు, గొడ్డలి చెప్పాడు. వాడు తలుపు వైపు చూశాడు. పారిపోతాడనుకున్నాను. పోలేదు. "మరి ఎందుకార్పినవ్?" అని అడిగాడు.

"నువ్వు 'అన్నా' అని అరిచినవ్" అన్నాడు ఉస్తాద్. "నా తమ్ముడు సుత గట్లనే అరిచిండు. నేను పక్క చేన్లనే ఉన్న. వాని అరుపు, నీ గొంతు రెండు ఇనబడ్డయ్. పానానికి భయపడి లేవలే."

వదిన చేతిలో చెంబు జారబోయి ఆగింది. ఇన్నేళ్లూ ఆ మాట ఆవిడకు కూడా తెలియదు. బయట గల్లీ జనం తలుపు కొడుతున్నారు, ఏమైంది ఏమైంది అని. ఎవరం లేవలేదు.

మొన్న ఆయనకు మట్టి ఇచ్చి వచ్చినప్పటి నుంచి నాకు కళ్లు మూసినా తెరిచినా ఇదే కనబడుతోంది. మిల్లు నుంచి వచ్చిన ఆ మనిషికి కాలిన చేతులు లేవడం లేదు. ఉస్తాద్ వదిన దగ్గర చెంబు తీసుకుని, తోలు ఊడిన అరచేతుల మధ్య ఇరికించుకుని, వాడి నోటి దగ్గర పెట్టాడు. సగం నీళ్లు వాడి గడ్డం మీద కారుతున్నాయి. వాడు తాగలేక ఏడుస్తున్నాడు. ఉస్తాద్ కూడా ఏడుస్తూనే, గల్లీ చివరిదాకా వినబడేట్టు అరుస్తున్నాడు, "తాగుర! ఎంతసేపు పట్టుకోవాలె? తాగు!"